సాలార్‌జంగ్ మ్యూజియం: నాన్నగారిని, పాపను తీసుకెళ్తున్నాను, ఏం చూడాలి?

పెడన_లక్ష్మి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు దసరాకి పెడన నుంచి మా ఇంటికి వస్తున్నారు. ఆయనకి 71 ఏళ్లు. కలంకారీ బట్ట మీద వేసే చెక్క అచ్చులు చెక్కడమే ఆయన పని. చూపు తగ్గి, మోకాళ్లు పట్టేసి మూడేళ్ల క్రితం మానేశారు. హైదరాబాద్ ఎన్నిసార్లు వచ్చినా బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, మా ఫ్లాట్ బాల్కనీ, అంతే. ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియం చూపించాలని గట్టిగా అనుకున్నాను. నాలుగో తరగతి చదివే మా పాప కూడా వస్తుంది.

నేను ఎనిమిదో తరగతిలో స్కూల్ వాళ్లతో ఒకసారి వెళ్లాను. రెండు బస్సుల పిల్లల్ని ముప్పావు గంటలో తిప్పి బయటికి తెచ్చేశారు. "ఆగొద్దు, లైన్ కదలాలి" అన్న కేక ఒక్కటే గుర్తుంది. మా నాన్నకీ, పాపకీ అలా కాకూడదు. ఎంత సమయం పెట్టుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? మోకాళ్ల నొప్పులున్న మనిషి తిరగగలరా? చెక్క పని చేసిన మనిషికి అక్కడ నచ్చేవి ఏమున్నాయి?

మూసీతీరం

లక్ష్మమ్మా, మా ఇల్లు దారుల్‌షిఫాలోనే. మ్యూజియం మాకు పక్క వీధి లెక్క. మొదటి మాట: శుక్రవారం పోవద్దు, ఆ రోజు సెలవు. అన్ని మ్యూజియాలకూ సోమవారమే సెలవనుకొని శుక్రవారం వచ్చి, మూసిన గేటు చూసి వెనక్కి పోయేవాళ్లను మస్తుమందిని చూశాను. పొద్దున పదింటికి తెరుస్తారు, ఆ టైముకే ఉండండి. పదకొండు దాటితే స్కూల్ పిల్లలు, ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు, ఇక సందడే. సెలవుల్లో ఆదివారం అసలే వద్దు. మంగళ, బుధవారాలు నయం.

మెట్రోలో అయితే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గర దిగి ఆటో ఎక్కండి. మూసీ దాటితే వచ్చేసినట్టే. పెద్దాయన మోకాళ్ల గురించి బెంగపడకండి. మా అమ్మను తీసుకుపోయినప్పుడు అడిగితే చక్రాల కుర్చీ ఇచ్చారు, లిఫ్టు కూడా ఉంది. నడుస్తానని ఆయన పట్టుబట్టినా కుర్చీ వెంట పెట్టుకోండి. రెండో గంటలో పనికొస్తుంది.

లోపల మూడు భవనాలు. మధ్యది మన దేశపు వస్తువులది, పడమటిది యూరప్‌ది, తూర్పుది చైనా, జపాన్ వైపుది. మూడూ ఒకే రోజు పెట్టుకోకండి.

వీకెండ్_విజయ్

అంత భయపెట్టక్కర్లేదండీ. మేం ఎనిమిది మందిమి వెళ్లి మూడు గంటల్లో మొత్తం చూసేశాం. ప్లాన్ ఉంటే అన్నీ కవర్ అవుతాయి. మళ్లీ మళ్లీ వెళ్లే వీలు అందరికీ ఉండదు కదా. ఒక్కసారి వెళ్లినప్పుడే అన్ని గదులూ చూడాలన్నది నా అభిప్రాయం. గడియారం, ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ, ఇద్దరు మనుషుల చెక్క బొమ్మ, ఔరంగజేబు కత్తి, టిప్పు సుల్తాన్ కుర్చీలు, జేడ్ రాతి వస్తువులు. ఇవి మాత్రం మిస్ అవ్వకండి.

బొమ్మల_రవి

విజయ్‌గారూ, మీ లిస్టుతో నాకు పేచీ లేదు, మూడు గంటలతోనే పేచీ. నలభై వేలకు పైగా వస్తువులున్న చోటు అది. గ్యాలరీలే నలభైకి దగ్గరగా ఉన్నాయి. మూడు గంటలంటే నూట ఎనభై నిమిషాలు. నడక తీసేస్తే గదికి మూడు, నాలుగు నిమిషాలు కూడా మిగలవు. అన్ని గదుల్లోంచీ నడవగలం, నిజమే. చూడడం మాత్రం కుదరదు.

నేను శిల్పం చదువుతున్నాను. మొదటి ఏడాది మా మాస్టారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి ఒక్క రెబెక్కా ముందే రెండు గంటలు కూర్చోబెట్టారు, బొమ్మ గీయమని. మొదటి అరగంట అంతా ముసుగు మడతలే గీశాను. ఆ తర్వాత కళ్లకు పట్టుబడింది: మడతలు ముఖం మీద పడిన తీరును బట్టే ముక్కు ఎక్కడుందో, పెదవి ఎక్కడ మొదలవుతుందో తెలుస్తోంది. ముసుగు వేరుగా, ముఖం వేరుగా లేవక్కడ. ఉన్నది ఒకటే పాలరాయి. చూసేవాళ్ల కన్నే దాన్ని రెండుగా విడదీసుకుంటుంది. నుదుటి దగ్గర రాయి నునుపుగా, గుడ్డ అంచు దగ్గర కాస్త పదునుగా ఉంటుంది. వెలుగు పడే తీరు మారగానే బట్ట పల్చబడినట్టు కనిపిస్తుంది. ఇవి మూడు నిమిషాల్లో కనబడేవి కావు.

లక్ష్మిగారూ, మీ నాన్నగారు చెక్క పని మనిషి అన్నారు. ఆయన్ని నేరుగా జంట బొమ్మ దగ్గరికి తీసుకెళ్లండి. మెఫిస్టాఫిలిస్, మార్గరెటా. ఒకే సికమోర్ దుంగలో చెక్కారు, 19వ శతాబ్దపు ఫ్రెంచ్ పని. ముందు వైపు బోర విరుచుకుని నిలబడ్డ మగమనిషి, ముఖంలో వెటకారం. వెనక వైపు తల వంచుకుని, చేతిలో ప్రార్థన పుస్తకం పట్టుకున్న అమ్మాయి. వెనక పెద్ద అద్దం పెట్టారు కాబట్టి ముందు నిలబడితేనే ఇద్దరూ కనబడతారు. జర్మన్ కవి గోథే రాసిన ఫౌస్ట్ నాటకంలోని పాత్రలు. అతను మనిషి ఆత్మకు బేరం పెట్టే దయ్యం, ఆమె ఆ బేరంలో నలిగిపోయిన అమాయకురాలు. పాపకు ముందు ఈ కథ రెండు ముక్కల్లో చెప్పండి, అప్పుడు చూపించండి.

అట్లాంటా_వాణి

రెబెక్కా పేరు వినగానే రాయకుండా ఉండలేకపోయాను. మాది సికింద్రాబాద్. పదిహేనేళ్లుగా అట్లాంటాలో ఉంటున్నాం. ఇక్కడి హై మ్యూజియంకి మొదటిసారి వెళ్లిన రోజు ఒక మూల తిరగగానే ఎదురుగా ఆమే! కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా హైదరాబాద్ రెబెక్కా ఇక్కడికి ఎలా వచ్చిందా అనుకున్నాను. తర్వాత తెలిసింది, జొవాన్నీ మారియా బెంజోనీ అనే ఆ ఇటలీ శిల్పి ఒకే బొమ్మను చాలాసార్లు చెక్కాడట. కోరినవాళ్లకు చెక్కి ఇచ్చేవాడు. అట్లాంటాలో ఉన్నది 1864 నాటిది.

మొదట కొంచెం మనసు చివుక్కుమంది, నిజం చెప్తున్నా. మన దగ్గర ఉన్నది ప్రపంచంలో ఒక్కటే అని చిన్నప్పటి నుంచి విన్నాం. ఇప్పుడు అలా అనిపించదు. ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా వెళ్లి ఆమె ముందు పావుగంట కూర్చుంటాను. బైబిల్ కథలో కూడా రెబెక్కా పుట్టింటిని వదిలి, ఎప్పుడూ చూడని మనిషిని పెళ్లాడడానికి దూర దేశం వచ్చిన పిల్ల. దూరం నుంచి ఇస్సాకును చూసి ముసుగు వేసుకుంటుంది. ఆ క్షణమే ఈ శిల్పం. పెళ్లయి ఇంత దూరం వచ్చిన నాకు ఆ ముసుగు వెనక ముఖం కొత్తగా అనిపించదు.

చరిత్ర_మాస్టారు

వాణిగారు చెప్పిన దానికి చిన్న చేర్పు. హైదరాబాద్ రెబెక్కాను కొన్నది మ్యూజియం ఎవరి పేరు మీద ఉందో ఆ మూడో సాలార్‌జంగ్ కాదు, ఆయన తాత. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ 1876లో రోమ్ వెళ్లినప్పుడు కొన్నారు. 1853లో, ఇరవై నాలుగేళ్ల వయసులో నిజాం దివాను, అంటే ప్రధానమంత్రి, అయి, 1883లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. కాబట్టి ఇదంతా ఒక్క మనిషే సేకరించాడనే మాట పూర్తిగా సరికాదు. మూడు తరాల వస్తువులు ఇందులో ఉన్నాయి. అయితే ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ సేకరణే.

ఆయన 1889లో పుట్టారు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్ పోయారు. 1912లో ఏడో నిజాంకు దివాను అయ్యారు, 1914లో ఆ పదవి వదిలేశారు. అక్కడి నుంచి 1949లో కన్నుమూసే దాకా, అంటే ముప్పై అయిదేళ్లు, ఆయనకు ఇదే లోకం. పెళ్లి చేసుకోలేదు, నేరుగా వారసులు లేరు. పోయాక ఆయన భవంతి దివాన్ దేవిడీ నిండా వస్తువులు. వాటిని ఎవరికి పంచాలి, ఎలా పంచాలి అన్న పెద్ద ప్రశ్న వచ్చింది. చెల్లాచెదురు కాకుండా దేవిడీలోనే మ్యూజియంగా అమర్చారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి మారింది 1968లో.

ఆ మొదటి అమరిక పని చూసిన కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్. రాయలసీమ వాళ్లకు ఈ పేరు పరాయిది కాదు. మదనపల్లె కాలేజీలో పనిచేసిన ఐరిష్ మనిషి. 1919లో రవీంద్రుడు అక్కడే ఆయన దగ్గర ఉండి మన జాతీయ గీతాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చారు. ఆయన భార్య మార్గరెట్ ఆ గీతానికి స్వరాలు రాసిపెట్టారు. మదనపల్లెకూ సాలార్‌జంగ్‌కూ మధ్య ఇలాంటి దారి ఒకటుందని నా పాఠాల్లో చెప్పినప్పుడు పిల్లల ముఖాలు వెలిగేవి.

నల్గొండ_నరేష్

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. మనం ఆ మ్యూజియం గురించి మాట్లాడినప్పుడల్లా సేకరణ, అభిరుచి, ప్రేమ అంటాం. ఆ డబ్బు ఎక్కడిది? సాలార్‌జంగ్ జాగీరు కింద వందల గ్రామాలు ఉండేవి. అక్కడి రైతు కట్టిన శిస్తే కదా రోమ్‌లో పాలరాయి అయింది? మాది జాగీర్ల కింద నలిగిన ఊరే. మా తాత వెట్టిచాకిరీ కథలు చెప్పేటప్పుడు గొంతు వణికేది. ఆ గదుల్లో నడుస్తుంటే నాకు వస్తువుల అందంతో పాటు అది కూడా గుర్తొస్తుంది. వెళ్లొద్దని కాదు. నేనూ వెళ్తాను. పాపకు చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండని నా మనవి.

చరిత్ర_మాస్టారు

నరేష్ బాబూ, ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. చెప్పాల్సిందే. నేను కూడా తరగతిలో రెండూ కలిపే చెప్పేవాణ్ని. మొదటి సాలార్‌జంగ్ పన్నుల వసూలు కాంట్రాక్టుకిచ్చే పద్ధతి తగ్గించి, జిల్లాలుగా విడగొట్టి, జీతం తీసుకునే ఉద్యోగులను పెట్టాడు. అది సంస్కరణే. అదే సమయంలో జాగీర్లు అలాగే ఉన్నాయి. రెండూ నిజాలే.

ఒకటి మాత్రం గమనించు. 1958లో కుటుంబ వారసులతో రాజీ కుదిరి వస్తువులన్నీ భారత ప్రభుత్వానికి వచ్చాయి. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. అంటే మీ తాతగారు కట్టిన శిస్తు చుట్టూ తిరిగి మళ్లీ మీ చేతికే వచ్చింది. టికెట్ కొని లోపలికి వెళ్లినప్పుడు అతిథిలా కాదు, హక్కుదారులా నడువు.

నల్గొండ_నరేష్

ఈ మాట బాగుంది మాస్టారూ. మా తమ్ముడి పిల్లలకు ఇలాగే చెప్తాను.

ఢిల్లీ_శేషు

కొంచెం పక్కకు వెళ్తున్నందుకు క్షమించాలి. లక్ష్మిగారి నాన్నగారు ఎప్పుడైనా ఢిల్లీ వస్తే జనపథ్‌లోని నేషనల్ మ్యూజియం చూపించండి. అక్కడ సెలవు సోమవారం. మొహెంజొదారో నాట్యగత్తె కంచు బొమ్మ చూడ్డానికి అందరూ వెళ్తారు. పుస్తకంలో బొమ్మ చూసి ఎంతో పెద్దదనుకుంటాం, ఎదురుగా చూస్తే జానెడు కూడా లేదు, పదిన్నర సెంటీమీటర్లు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన ఆ ధీమా మాత్రం ఆరడుగుల మనిషిది.

నేను అక్కడికి పదే పదే వెళ్లేది నాగార్జునకొండ శిల్పాల కోసం. కృష్ణ మీద సాగర్ డ్యామ్ కట్టేటప్పుడు ఆ లోయ అంతా మునిగిపోతుందని 1954 నుంచి తవ్వకాలు జరిపి, దొరికినన్ని శిల్పాలు బయటికి తెచ్చారు. ఎక్కువ భాగం సాగర్ మధ్యలో ఉన్న దీవి మ్యూజియంలో ఉంది, కొన్ని ఇక్కడికి వచ్చాయి. ఇంటి దూరం బాగా గుచ్చినప్పుడు వెళ్లి ఆ పల్నాటి సున్నపురాయి ముందు నిలబడతాను. వాణిగారు రాసింది చదివితే నా కథే చదువుతున్నట్టుంది.

మూసీతీరం

శేషు భాయ్, మన దగ్గరా ఉన్నాడు ఒకాయన. మధ్య భవనంలో నేలకొండపల్లి బుద్ధుడు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లి, భక్త రామదాసు ఊరు. అందరూ గడియారం దిక్కు ఉరుకుతారు, ఆయన దగ్గర ఎవరూ ఆగరు. నేనైతే పోయిన ప్రతిసారీ ఆగి ఒక చూపు చూసి వస్తాను.

సుజాత_టీచర్

పాప గురించి ఎవరూ రాయలేదు. ప్రైమరీ పిల్లలను ఏటా తీసుకెళ్లేదాన్ని, నా అనుభవం చెప్తాను. పిల్లలకు "ఇది 19వ శతాబ్దపు..." అని మొదలుపెడితే రెండు నిమిషాల్లో దిక్కులు చూస్తారు. చేతిలో చిన్న నోట్‌బుక్, పెన్సిల్ పెట్టండి. "మ్యూజియం నుంచి మూడు వస్తువులు నీ ఇంటికి తీసుకెళ్లొచ్చు అంటే ఏవి తీసుకెళ్తావు? వాటి బొమ్మలు గీసుకో" అనండి. అప్పుడు చూడండి వాళ్ల కళ్లు! ప్రతి అద్దాల బీరువా దగ్గరా బేరమే. ఒక బాబు నడక కర్రల గదిలో మూడూ కర్రలే ఎంచుకున్నాడు, వాళ్ల తాతకు ఒకటి, ముత్తాతకు ఒకటి, తనకు ఒకటి.

బొమ్మల గది, సీసపు సైనికులు తప్పకుండా చూపించండి. మధ్యలో తినడానికి బయటికి రావడం కూడా ప్లాన్‌లో పెట్టుకోండి. ఆకలేసిన పిల్లకు మొగల్ చక్రవర్తి ఎవరైనా ఒకటే.

వీకెండ్_విజయ్

సుజాతగారి నోట్‌బుక్ ఐడియా చాలా బాగుంది. రవిగారి లెక్క చదివాక ఫోన్‌లో నా పాత ఫోటోలు తీసి చూశాను. రెబెక్కా ఫోటోలు పద్నాలుగు ఉన్నాయి. అన్నిట్లోనూ ముందు మేమే ఉన్నాం, ఆమె మా భుజాల వెనక కనబడుతోంది. ఆమె చేతులు ఎలా ఉన్నాయో కూడా చెప్పలేను. మళ్లీ వెళ్తాను. ఈసారి మా అమ్మతో, ఇద్దరమే.

పెడన_లక్ష్మి

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. నాన్నగారికి ఫోన్‌లో అన్నీ చదివి వినిపించాను. జంట బొమ్మ గురించి రాసింది రెండుసార్లు చదవమన్నారు. సికమోర్ అంటే ఏ జాతి కర్ర, టేకులా చేవ ఉంటుందా అని అడిగారు. పెడనలో అచ్చులకు టేకే వాడతారు. రవిగారూ, తెలిస్తే చెప్పండి.

బొమ్మల_రవి

యూరప్‌లో పెరిగే చెట్టు లక్ష్మిగారూ, మేపుల్ కుటుంబానిది. లేత రంగు, సన్నటి నార. టేకులో ఉండే నూనె ఇందులో ఉండదు. నార సన్ననిది కాబట్టి సన్నటి గీత చెక్కితే అంచు శుభ్రంగా నిలుస్తుంది, వయొలిన్ లాంటి తీగ వాయిద్యాలకు కూడా వాడతారు. నాన్నగారికి ఇంకోటి కూడా చెప్పండి. జేడ్ గదిలో ఉన్నవేవీ ఉలితో చెక్కినవి కావు. జేడ్ రాయి మీద ఉలి ఆడదు. గట్టి రాతిపొడి నీళ్లతో కలిపి, తిప్పుతూ, నెలల తరబడి అరగదీయాలి. జహంగీర్ బాకు పిడి, నూర్జహాన్ పళ్లు కోసే కత్తి అని చూపించేవి అలా అరిగి అరిగి తయారైనవే. ఆయన చేతులకు ఆ ఓపిక విలువ తెలుస్తుంది.

మూసీతీరం

గడియారం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ ద్వారా వచ్చిన ఇంగ్లండ్ గడియారం. ఒక కమ్మరి బొమ్మ సెకను సెకనుకూ సుత్తితో కొడుతూనే ఉంటుంది. గంటకు మూడు నిమిషాల ముందు తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి పోతుంది. పన్నెండింటికి ఎక్కువసార్లు కొడుతుందని ఆ టైముకే జనం విరగబడతారు. పాపకు దగ్గరగా కనబడాలంటే పదకొండింటికి పోండి. ఒక్క దెబ్బే తక్కువ.

పెడన_లక్ష్మి

(తొమ్మిది రోజుల తర్వాత)

వెళ్లొచ్చాం. మంగళవారం పదింటికి గేటు దగ్గర ఉన్నాం, మూడింటికి బయటికి వచ్చాం. ఎన్ని గదులు చూశామంటే, ఆరో ఏడో. విజయ్‌గారు తిట్టుకోకండి.

నాన్నగారు చక్రాల కుర్చీ వద్దే వద్దన్నారు. అది ఖాళీగా నెట్టుకుంటూ వెళ్లాం. పాప అందులో కూర్చుంటానని ఒకటే గొడవ. ముందు బట్టల గదికి వెళ్లాం. పాత కలంకారీల ముందు ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. చేత్తో గీసిందేది, అచ్చు వేసిందేది అని పాపకు అక్కడే చెప్పడం మొదలుపెట్టారు. "అచ్చు అయితే ఈ ఆకు మళ్లీ ఎక్కడ వస్తుందో వెతుకు. ఒకేలా వచ్చిందా? రెండింటి మధ్య అతుకు దొరికిందా? అయితే అచ్చే" అన్నారు. అది పదిహేను నిమిషాలు అతుకులు వెతికింది. దొరికినప్పుడల్లా "తాతయ్యా!" అని ఒక అరుపు. కాపలా ఉన్న ఆయన మెల్లగా మాట్లాడమన్నారు, కానీ ఆయన కూడా వచ్చి అతుకు చూసి వెళ్లారు.

నలుపు ఎలా వస్తుందో కూడా అక్కడే చెప్పారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వారాలపాటు నానబెడితే వచ్చే కషాయం. కరక్కాయ పట్టించిన బట్టకు అది తగలగానే నల్లబడుతుంది. ఇది నేను మా ఇంట్లో చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మా పెరట్లో ఆ కుండ వాసనకు ముక్కు మూసుకునేదాన్ని. అద్దాల బీరువాలో, వెలుగు తగ్గించి జాగ్రత్తగా పెట్టిన గుడ్డ ముందు అదే మాట వింటుంటే గొంతు పట్టేసింది.

తర్వాత జంట బొమ్మ. రవిగారూ, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు. నాన్నగారు ముఖాలు చూడలేదు. మొదట పక్కకు వెళ్లి నిలబడ్డారు, రెండు బొమ్మలూ కలిసే చోటు చూడ్డానికి. అతని అంగీ అంచు ఎక్కడ ఆగి ఆమె గౌను మడత ఎక్కడ మొదలవుతుందో ఆ గీత వెంట పై నుంచి కింద దాకా చూశారు. వంగలేక వంగి చూశారు. ఆ పైన ముందుకు వచ్చి అద్దంలో ఆమెను చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి నాతో అన్నారు: "వీడు ముందే రెండు బొమ్మలూ లోపల చూసుకున్నాడమ్మా. ఒక వైపు ఉలి లోతుగా దిగితే రెండో వైపు మనిషి పోతుంది."

పాప అడిగింది, అద్దంలో ఆమె కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయిపోతుంది కదా తాతయ్యా అని. ఆయన నవ్వారు. అచ్చులో బొమ్మ ఎప్పుడూ తిరగేసే చెక్కాలి. కుడి వైపు చిలక కావాలంటే చెక్క మీద ఎడమ వైపు చెక్కాలి. "నా పనంతా ఈ అద్దంలోదేనే బంగారం. బట్ట మీద పడ్డాకే తిన్నగా అయ్యేది" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన తన పని గురించి ఇలా మాట్లాడగా నేను వినలేదు. మా ఇంట్లో ఎప్పుడూ అచ్చు ఎంతకు పోయింది, కూలి ఎంత వచ్చింది, ఇవే మాటలు.

పదకొండింటి గడియారం బొమ్మల ధ్యాసలో పోయింది, పన్నెండింటికి జనం మధ్య నిలబడి చూశాం. నేలకొండపల్లి బుద్ధుడి దగ్గర మేం ముగ్గురమే ఉన్నాం. మూసీతీరంగారూ, మీ పేరు చెప్పి ఆగాం. నరేష్‌గారు చెప్పిన శిస్తు సంగతి పాపకు బయటికి వచ్చాక చెప్పాను. "అయితే ఇవన్నీ మనవే కదా, రాత్రి ఎందుకు మూసేస్తారు?" అంది.

రెబెక్కా దగ్గర రెండు బస్సుల పిల్లలు వచ్చారు. "ఆగొద్దు, కదలండి" అనే గొంతు మళ్లీ వినబడింది. ఒక అమ్మాయి మాత్రం లైన్ నుంచి తప్పుకుని, మా పాప నోట్‌బుక్‌లోకి తొంగి చూసి, అక్కడే నిలబడిపోయింది. దానికి ఒక కాగితం చింపి ఇచ్చాం. టీచర్ వచ్చి పిలిచేదాకా ముసుగు గీసింది.

అట్లాంటా_వాణి

ఆఫీసులో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాను. పాప ఎంచుకున్న మూడు వస్తువులు ఏవి? చెప్పనేలేదు!

పెడన_లక్ష్మి

గడియారంలో కమ్మరి బొమ్మ ఒకటి (గడియారం వద్దట, కమ్మరి ఒక్కడే చాలట). కలంకారీలో అతుకు దగ్గరి ఆకు ఒకటి. మూడోది చక్రాల కుర్చీ.

బొమ్మల_రవి

లక్ష్మిగారూ, నాన్నగారు ఇంకా ఎన్నాళ్లుంటారు? ఆయన అన్న "ఒక వైపు ఉలి లోతుగా దిగితే" మాటను మా స్టూడియోలో గోడ మీద రాసుకున్నాం. మాకు చెక్క పని నేర్పేవాళ్లు తక్కువ. వీలైతే ఒక గంట ఆయనతో మాట్లాడాలని ఉంది. ఆయన ఎక్కడ రమ్మంటే అక్కడికి వస్తాను.

పెడన_లక్ష్మి

ఆదివారం దాకా ఉంటారు రవిగారూ. చెప్పగానే ఒప్పుకున్నారు. గురువారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి జేడ్ గది ఒక్కదానికే. అరగదీసిన రాయి చూడాలని పట్టుబడుతున్నారు. పదింటికి గేటు దగ్గర కలుద్దాం. ఉలి తెస్తానంటే లోపలికి రానివ్వరని చెప్పి ఆపాను. పాపకని పెడన నుంచి తెచ్చిన చిలక అచ్చు ఒకటి ఉంది, అది తెచ్చి బయట బెంచీ మీద చూపిస్తారట. మీరు పాత తెల్ల గుడ్డ ముక్క ఒకటి తెచ్చుకోండి, రంగు మేం తెస్తాం.